వృద్ధుల కాలిసత్తువ - ఊరు చేయదగిన పని

మన పల్లెలలో పెద్దలను గౌరవించు విధములలో మొదటిది వారిని కూర్చుండబెట్టుట. కొడుకు చేతికి అందివచ్చి, కోడలు ఇంటికి వచ్చిన పిమ్మట “నీకెందుకత్తా ఈ పని, నువ్వు కూర్చో” అని చేతిలోని చేటను తీసికొందురు. తండ్రి పొలమునకు బయలుదేరినచో “ఈ ఎండలో నువ్వెందుకు నాన్నా, మేం చూసుకుంటాం” అందురు. ఈ మాటలలో ప్రేమ కలదు. కాని ఆ ప్రేమయే పెద్దల కాళ్లలోని సత్తువను దినదినము తీసివేయుచున్నదని తెలిసినవారు తక్కువ. కూర్చుండబెట్టిన మనిషి మొదట పొలమును మానును. తరువాత రచ్చబండను, ఆపై వీధి అరుగును మానును. తుదకు మంచము నుండి మరుగుదొడ్డి వరకు పోవుటకు మరియొకరి భుజము కావలసివచ్చును. ఇదంతయు ముసలితనము చేసిన పని యని మనము సరిపెట్టుకొందుము. ఇందులో మంచము వంతు ఎంతయో విచారింపము.

వాడుకొన్న కండ నిలుచును, వాడని కండ తరుగును. ఎద్దులను పోషించిన రైతునకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వేసవియంతయు కొట్టములో కట్టివేసిన ఎద్దు తొలకరి నాడు కాడి మోయుటకు తడబడును. మనిషి విషయమున ఈ తరుగుదల ఎంత వేగముగా జరుగునో అమెరికా వైద్యులు 2007లో ప్రకటించిన ఒక పరిశోధన వలన తెలియుచున్నది. ఆరోగ్యవంతులైన 12 మంది వృద్ధులను పది దినములు మంచము మీదనే ఉంచిరి. వారికి జ్వరము లేదు, జబ్బు లేదు, భోజనమునకు లోటు లేదు. పది దినములు గడచునప్పటికి వారి కాళ్లలోని కండ దాదాపు ఒక కిలో తరిగిపోయినది. వయసులో నున్నవాడు ఇట్టి నష్టమును త్వరలోనే పూడ్చుకొనును. డెబ్బది దాటినవారికి అది అంత సులభము కాదు. విషజ్వరమో, కంటి ఆపరేషనో, మనుమరాలి పెండ్లి అలసటయో నెపముగా మంచమెక్కిన పెద్ద, రోగము తగ్గిన తరువాత కూడ మంచము దిగలేకపోవుటకు ఇదియే కారణము.

దిగినను కాలు నిలువదు. స్నానాల గదిలో జారును, గడప తట్టుకొని పడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము ప్రపంచమున ఏటేటా 6,84,000 మంది పడిపోవుట వలన మరణించుచున్నారు. అందులో ఎక్కువ మంది 60 ఏండ్లు దాటినవారు. తుంటి ఎముక విరిగిన ముసలమ్మ ప్రాణముతో బయటపడినను, ఆపరేషను, ప్రయాణపు ఖర్చులు, ఇంట ఒకరు కూలి మానుకొని కాపుండుట, ఇవన్నియు ఆ కుటుంబము మీద పడును. తన పని తాను చేసికొనలేకపోతినే యను బాధ ఆమెది. ఆ బాధకు మాత్రము వైద్యము లేదు.

అయితే పోయిన సత్తువ మరల రాదా? వచ్చునని 1990లో బోస్టన్ నగరమున జరిగిన పరిశోధన నిరూపించినది. వృద్ధుల వైద్యాలయములో నివసించు 10 మందిని ఎన్నుకొనిరి. వారి వయసు 86 మొదలు 96 ఏండ్లు. తొంబది యేండ్లవారికి బరువులెత్తు వ్యాయామమా యని ఎవరికైనను నవ్వు వచ్చును. వైద్యుల పర్యవేక్షణలో కాళ్లకు బరువుల సాధన ఎనిమిది వారములు చేయించిరి. కాళ్ల బలము సగటున 174 శాతము పెరిగినది. అనగా మొదటి బలమునకు రెండు రెట్లు మించినది. ఇరువురు ఊతకర్రను విడిచి నడచిరి. ఇది సంతోషకరమైన భాగము. పాఠకులు మరువరాని రెండవ భాగము మరియొకటి కలదు. సాధన ఆపిన నాలుగు వారములకే కాళ్ల బలములో దాదాపు మూడవ వంతు తగ్గిపోయినది. ఈ వ్యాయామము ఒకసారి చేసి ముగించునది కాదు. ప్రతి వారము జరుగవలెను, ఏండ్ల తరబడి జరుగవలెను. వృద్ధుడు ఒంటరిగా తన ఇంట దీనిని ఎన్నాళ్లు సాగించగలడు? నలుగురు కలిసిననే ఇది నిలుచును. ఊరు పూనుకొనవలసిన పని యని మేము చెప్పుటకు కారణమిదియే.

ఊరు పూనుకొన్నచో ఏమి జరుగునో చూచుటకు జపాను దేశమునకు పోవుదము. 1950 దశకమున జపాను పద్ధతి వరిసాగు అను పేరు మన పల్లెలన్నిటను మారుమ్రోగినది. నేడు ఎనుబది దాటిన రైతులు కొందరు తమ బాల్యమున తండ్రులు త్రాళ్లు పట్టి వరుసలలో నారు నాటుట చూచియే యుందురు. ఆనాడు వరి విషయమున జపాను నుండి నేర్చుకొనుటకు మనము వెనుకాడలేదు. ముసలితనము విషయమున వారు మనకంటె ముందు నడచుచున్నవారు. అక్కడ పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏండ్లు దాటినవారే.

షికోకు ద్వీపమున దక్షిణ తీరమున కోచి యను నగరము కలదు. 2002లో ఆ నగర ఆరోగ్య శాఖవారు వృద్ధుల కొరకు ఒక సాధనను రూపొందించిరి. దాని జపాను పేరునకు హుషారుగా నూరేండ్ల వ్యాయామము అని అర్థము. ఇందులో ఆశ్చర్యపడదగిన యంత్రమేదియు లేదు. కుర్చీ మీద కూర్చుండి, మణికట్టునకును చీలమండకును చిన్న బరువుల పట్టీ చుట్టుకొని, అందరును బిగ్గరగా అంకెలు లెక్కించుచు, మెల్లగా చేతులు కాళ్లు లేపి దింపుదురు. పట్టీలో 200 గ్రాముల కడ్డీలను ఒక్కొక్కటిగ చేర్చుచు 2 కిలోల 200 గ్రాముల వరకు పెంచవచ్చును. చేయిని ముందుకును ప్రక్కకును ఎత్తుట, మోకాలు చాచుట, కాలిని వెనుకకును ప్రక్కకును ఎత్తుట, కుర్చీ నుండి లేచి కూర్చుండుట, ఇవియే ముఖ్యమైనవి. అరగంటలో ముగియును. వారమునకు ఒకటి రెండు సార్లు చేయుదురు.

అసలు విశేషము వ్యాయామములో లేదు, నడిపించు పద్ధతిలో కలదు. నగరపాలక సంస్థ తానై కేంద్రములు తెరచి వృద్ధులను పిలువలేదు. ఏ పేటవారు తమకు తాముగా కూడుకొని, చోటును కుర్చీలను సమకూర్చుకొని, మేము చేయుదుమని ముందుకు వచ్చిరో వారికి బరువుల పట్టీలు ఎరువిచ్చినది. మొదటి కొన్ని దినములు నేర్పుటకు సిబ్బందిని పంపినది. తరువాత ఆ పేటవారే నడుపుకొనిరి. ఒక పేటను చూచి మరియొక పేట, ఒక ఊరిని చూచి మరియొక ఊరు మొదలుపెట్టగా నేడు ఆ వ్యాయామము జపాను దేశమున అనేక పట్టణములకు ప్రాకినది. ప్రచార శాఖలో పనిచేయు మాకు ఇందులో నేర్చుకొనదగినది చాల ఉన్నది. గోడపత్రికకంటె పొరుగింటి ముసలాయన కర్ర లేకుండ నడచుట పెద్ద ప్రచారము.

జపానులోనే ఐచి రాష్ట్రమున తకెతోయో యను చిన్న పట్టణము మరియొక దారి పట్టినది. అచట 2007లో వృద్ధులు కలిసి మాటలాడుకొనుటకు, ఆటలాడుటకు, పాడుకొనుటకు కూడలి స్థలములు ప్రారంభించిరి. వానిని నడుపు స్వచ్ఛంద సేవకులలో వృద్ధులే ఎక్కువ. సుమారు ఐదేండ్లు గమనించిన పరిశోధకులు, అచ్చటికి వచ్చుచుండినవారిలో పరాధీన స్థితికి చేరినవారు రానివారితో పోల్చగా దాదాపు సగమే యని కనుగొనిరి. ఆరోగ్యముగా ఉన్నవారే ఇటువంటి చోట్లకు వత్తురు గదా, ఫలితము మంచిదిగా కనబడుటలో వింత యేమి అని పాఠకులు అడుగవచ్చును. ఆ పరిశోధకులును ఆ ప్రశ్న వేసికొని, ఇంటికిని కూడలికిని గల దూరమును ఆధారముగ తీసికొని లెక్క సరిచూచిరి. కూడలికి దగ్గరగా ఉన్నవారు ఎక్కువగా వచ్చిరి. మన ఊరిలో చోటు ఎంచుకొనునపుడు ఈ మాట పనికివచ్చును.

మన దేశమున 2011 జనాభా లెక్కల నాటికి 60 ఏండ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షల మంది. వారిలో 7 కోట్ల 33 లక్షల మంది గ్రామములలోనే యుండిరి. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ప్రకటించిన నివేదిక 2022 నాటికి ఈ సంఖ్య 14 కోట్ల 90 లక్షలనియు, 2050 నాటికి 34 కోట్ల 70 లక్షలకు చేరుననియు చెప్పుచున్నది. అప్పటికి ఐదుగురిలో ఒకరు వృద్ధులు. పిల్లలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయి, ఇంట ముసలి దంపతులు మాత్రమే మిగిలిన వీధులు మన జిల్లాలలో ఇప్పటికే కలవు. ఆ వీధులలో భుజము ఇచ్చువారెవరు?

ఇక మన ఊరి మాట. మొదట చోటు. పంచాయతీ కార్యాలయపు వరండా కావచ్చును, బడి విడిచిన తరువాత పాఠశాల కావచ్చును. గుడి మంటపము నీడగా, చల్లగా ఉండును. కాని ఊరిలోని అన్ని పేటల వృద్ధులును జంకు లేకుండ వచ్చి కూర్చుండగలరా యని ముందుగా అడిగి తెలిసికొనవలెను. కాలనీవారు రాలేని చోటు ఎంత చక్కనిదైనను ఈ పనికి పనికిరాదు. ఊరు పెద్దదైనచో పేటకొక చోటు మేలు. నడువలేనివారే మనకు ముఖ్యులు గదా. వారిని అర మైలు నడచి రమ్మనుట న్యాయము కాదు. వేళ కూడ ముఖ్యమే. మగవారికి తెల్లవారుజాము అనుకూలము. ఆడవారికి ఆ వేళ తీరదు. మనుమలకు అన్నము పెట్టి బడికి పంపువారు వారే. అంగన్‌వాడీకి పిల్లలను దింపి వచ్చునపుడు, పది గంటల వేళ పెట్టినచో అవ్వలు వత్తురు. కార్యకర్తలు తమకు అనుకూలమైన వేళ పెట్టి, ఆడవారు రాలేదని నిందించుట మంచిది కాదు.

బరువుల పట్టీలకు ఎక్కడికిని పోనక్కరలేదు. ఊరి దరజీ చేత ముతకగుడ్డతో జానెడు పొడవు సంచులు కుట్టించి, ఒక్కొక్కదానిలో పావు కిలో జల్లించిన పొడి ఇసుక పోసి మూతి కుట్టవలెను. రెండు ప్రక్కల కట్టు త్రాళ్లు ఉండవలెను. మొదటి రెండు వారములు బరువు లేకుండ చేయవలెను. తరువాత ఒక సంచి, కొంతకాలమునకు రెండు. పదిసార్లు ఎత్తునప్పటికి చివరి రెండుసార్లు కష్టముగ తోచినచో అది తగిన బరువు. నాలుగు లెక్కించునంతలో ఎత్తి, నాలుగు లెక్కించునంతలో దింపవలెను. అంకెలు పైకి చెప్పించుటలో ఒక మర్మము కలదు: నోటితో లెక్కించువాడు ఊపిరి బిగబట్టలేడు. ఊపిరి బిగబట్టి బరువెత్తినచో రక్తపోటు పెరుగును.

కుర్చీ గోడకు ఆనించి యుండవలెను. పలుచని ప్లాస్టిక్ కుర్చీ వెనుకకు ఒరుగును గనుక దానిని గోడ లేకుండ వాడరాదు. కుర్చీ నుండి చేతి ఊత లేకుండ లేచుట, కూర్చుండుట అన్నిటికంటె ముఖ్యమైనది. మరుగుదొడ్డి నుండి లేచుటకు కావలసినది ఆ బలమే. కూర్చుండు పని అయిన పిదప గోడను తాకుచు నిలుచుండి మడమలు ఎత్తుట, ఒక పాదము ముందు మరియొక పాదము ఉంచి నిలుచుట, ఒంటికాలి మీద కొద్దిసేపు నిలుచుట చేయవలెను. ఇవి తూలిపోకుండ కాపాడునవి. పడిపోవుటను తగ్గించుటకు న్యూజీలాండు దేశపు ఒటాగో విశ్వవిద్యాలయమువారు ఇట్లే కాళ్ల బలమును, నిలుకడను, నడకను జోడించి ఇండ్ల వద్ద నేర్పగా, పడిపోవుట 35 శాతము తగ్గినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచన ప్రకారము 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ చేయవలెను. నిలుకడ, బలము కలిసిన సాధన మూడు దినములైనను ఉండవలెను. మన వృద్ధులలో చాలమందికి నేలమీద బాసిపట్టు వేసికొని కూర్చుండి, చేయి నేలనూనకుండ లేచు అలవాటు నేటికిని కలదు. మోకాళ్ల నొప్పులు లేనివారు దానిని మానకుందురు గాక. అది దినమునకు పదిసార్లు జరుగు వ్యాయామమే.

మొదటి దినమున ఒక చిన్న పరీక్ష చేసి పుస్తకములో వ్రాసికొనవలెను. చేతులు రొమ్ముపై కట్టుకొని, గడియారము చూచుచు అర నిమిషములో కుర్చీ నుండి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుండగలరో లెక్కించుటయే ఆ పరీక్ష. అమెరికాలో వాడు కొలత ప్రకారము 70 నుండి 74 ఏండ్ల మగవారు 12 సార్లకంటెను, ఆడవారు 10 సార్లకంటెను తక్కువైనచో పడిపోవు ప్రమాదము ఎక్కువ. మన పల్లెలలో ఒకరితో ఒకరిని పోల్చనక్కరలేదు. మూడు నెలల తరువాత ఎవరి అంకెను వారే చూచుకొన్న చాలును. నాలుగుసార్లు లేచినవాడు ఏడుసార్లు లేచినచో ఆ సంతోషమును మేము వర్ణింపనక్కరలేదు.

జాగ్రత్తలు తప్పవు. చేరునప్పుడు ప్రతివారికిని ఏ.ఎన్‌.ఎమ్‌. చేత రక్తపోటు, చక్కెర చూపించవలెను. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఆపరేషను అయినవారు, ఎముక విరిగినవారు వైద్యుని అనుమతి లేకుండ చేరరాదు. చక్కెర మాత్రలు మ్రింగువారు పరగడుపున చేయరాదు. మరునాడు కండలు కొంచెము నొచ్చుట సహజము. కీలులో పోటు వచ్చినచో ఆ కదలిక ఆపవలెను. రొమ్మున నొప్పి, ఆయాసము, కండ్లు తిరుగుట కలిగినచో కూర్చుండబెట్టి 108కి ఫోను చేయవలెను.

ఒక్క వ్యాయామముతో కండ రాదు, తిండి కావలెను. పండ్లు ఊడిన పెద్దలు మజ్జిగ మెతుకులతో కాలము గడుపుట మనమెరిగినదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో వృద్ధులకు ప్రత్యేకముగ ఒక సూత్రము కలదు. పోషకములు నిండిన ఆహారము వారికి పెట్టవలెనని దాని సారము. మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, గ్రుడ్డు, ముండ్లు తీసిన చేప నమలలేనివారికిని సాధ్యమే. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగి తినవలెను.

“జన్మంతా నాగలి పట్టినవాణ్ణి, నాకెందుకయ్యా కసరత్తు” అని అడుగువారు ప్రతి ఊరిలోను ఉందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. నేటికిని పొలము పని చేయువారికి ఇది అంత అవసరము కాదు. కాని నాగలి విడిచి పదేండ్లయినచో ఆనాటి బలము కండలో దాచియుండదు. మరియొక వర్గము కలదు. డెబ్బది యేండ్లు వచ్చినను పొట్టకొరకు కలుపు తీయబోవు అవ్వలు ఉన్నారు. వారిని వ్యాయామమునకు పిలుచుట హాస్యాస్పదము. వారికి కావలసినవి పింఛను, తిండి, కొంత విశ్రాంతి. వాని విషయమున పంచాయతీవారు శ్రద్ధ వహింపవలెను.

ప్రభుత్వ పక్షమున లభించు సహాయము తెలిసికొనుట మంచిది. వృద్ధుల ఆరోగ్య రక్షణకై జాతీయ కార్యక్రమము 2010లో ప్రారంభమైనది. దాని ప్రకారము ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వారమునకొకసారి వృద్ధులకు ప్రత్యేకముగ వైద్యము జరుగవలెను. ఇల్లు కదలలేనివారిని ఆరోగ్య కార్యకర్త ఇంటికి పోయి చూడవలెను. మీ కేంద్రములో ఆ దినమేదో అడిగి తెలిసికొనుడు. అడుగువారున్న చోట అది సక్రమముగ జరుగును. చేతికర్రలు, నడకకు ఊతనిచ్చు చట్రములు, వినికిడి యంత్రములు, కంటద్దములు, కట్టుడు పండ్లు పేద వృద్ధులకు ఉచితముగ ఇచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిలు 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభింపబడినది. కంటిచూపు సరిలేనివాడు ఎంత బలముగా నున్నను గడప తట్టుకొనును గనుక కంటద్దములు కూడ ఈ పనిలో భాగమే. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషను నియమములలో వృద్ధులు స్త్రీ పురుషులు కలిసి ఒకే పొదుపు సంఘముగ ఏర్పడుటకు వీలు కలదు. అట్టి సంఘము ఉన్న ఊరిలో కుర్చీల ఖర్చునకు ఎవరిని యాచింపనక్కరలేదు. నిర్లక్ష్యమునకో హింసకో గురియైన వృద్ధుల కొరకు 14567 అను ఉచిత ఫోను నంబరు కలదు.

ఏటేటా అక్టోబరు 1వ తేదీన, ఐక్యరాజ్యసమితి 1990లో నిర్ణయించిన వృద్ధుల దినమున, పెద్దలను వేదిక ఎక్కించి శాలువలు కప్పుట జరుగుచున్నది. మేమును ఆ ఫొటోలు ప్రచురించుచున్నాము. అయితే కండరమునకు అక్టోబరు 1 యని తెలియదు. మరుసటి వారము సాధన జరిగినదా లేదా యనునదియే దానికి తెలియును. శాలువల ఖర్చుతో ఇరువదిమందికి సరిపడు ఇసుక సంచులు కుట్టించవచ్చును.

ఇట్టి సంఘము మొదలైన ఊరిలో తొలి వారము ముప్పది మంది రావచ్చును, ఐదవ వారమునకు పండ్రెండు మంది మిగులవచ్చును. అందుకు నిరాశపడనక్కరలేదు. హాజరు పుస్తకము దగ్గర ఉంచుకొని, వరుసగా రెండుసార్లు రానివారి పేరు క్రింద గీత గీయవలెను. ఆ సాయంత్రమే ఇరువురు సభ్యులు ఆ ఇంటికి పోవలెను. తీరికలేక రానివారు కొందరుందురు. నలతగా ఉండి చెప్పలేనివారు, జారిపడి దాచిపెట్టినవారు, కోడలితో మాటపడి గుమ్మము దాటనివారు మరికొందరు. మంచమెక్కి మూడు దినములైనవారిని అప్పుడు చూచినచో తేలికగా లేపవచ్చును, మూడు నెలలైనచో కష్టము. నిజముగ రాలేని స్థితిలో ఉన్నవారికి రెండు ఇసుక సంచులు ఇచ్చి, మంచము అంచున కూర్చుండి మోకాలు చాచుట నేర్పి, మరల వారము తిరుగకుండ పోయి చూడవలెను.